బ్లాక్ లేయర్‌లో ఎవరూ పిలవని ఫంక్షన్: తీసేస్తే ఎవరికి నొప్పి?

శ్రావ్య_కాకినాడ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నా ఉద్యోగమంతా యూజర్‌స్పేస్‌లోనే, అంటే మామూలు ప్రోగ్రాములతో. వాటి కింద హార్డ్‌వేర్‌ని నడిపే కెర్నల్‌కి కొత్త. కొన్నాళ్లుగా లినక్స్ సోర్స్‌లో బ్లాక్ ఫోల్డర్, అంటే డిస్కులకి రిక్వెస్టులు పంపే బ్లాక్ లేయర్ కోడ్, చదువుతున్నాను. మొదటి ప్యాచ్‌గా (కోడ్‌లో మార్పుగా) ఎవరూ వాడని కోడ్ ఏదైనా తీసేద్దామనుకున్నా. కామెంట్లలో స్పెల్లింగులు సరిచేయడం కంటే ఇది కాస్త పనికొచ్చేదని నా ఆశ.

ఒక స్క్రిప్ట్ రాశాను. బ్లాక్ ఫోల్డర్‌లోని ప్రతి ఫంక్షన్ పేరునీ మొత్తం సోర్స్‌లో గిట్ గ్రెప్‌తో వెతుకుతుంది. రాసిన చోట, హెడర్‌లో తప్ప ఇంకెక్కడా కనబడకపోతే జాబితాలో వేస్తుంది. అనుకున్నదానికంటే చాలా పొడుగు జాబితా వచ్చింది, అక్కడే అనుమానం. అందులో ఎల్వ్_ఐఓషెడ్_షో ఉంది. ఎలివేటర్ డాట్ సి ఫైల్లో రాశారు, బీఎల్‌కే డాట్ హెచ్‌లో డిక్లేర్ చేశారు, పిలిచేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. కానీ పేరు చూస్తే, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన సెట్టింగులని ఫైళ్లుగా చూపే చోట) షెడ్యూలర్ ఫైల్ని, అంటే డిస్కు రిక్వెస్టుల వరస నిర్ణయించేది ఏదో చెప్పే ఫైల్ని, క్యాట్ చేసినప్పుడు వచ్చే లైను ఇదే ఇవ్వాలి కదా? ఆ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తోంది.

ఒక ఫంక్షన్ నిజంగా ఎవరికీ అక్కర్లేదని మీరంతా ఎలా తేల్చుకుంటారు? తేలాక కూడా "ఎందుకు తీశావ్" అని అడిగేవాళ్లు ఎవరుంటారు?


డిస్క్‌దాదా · ఆదివారం రాత్రి 9:40

శ్రావ్య గారూ, మీ అనుమానం కరెక్టే. ఆ ఫంక్షన్ బతికే ఉంది. బీఎల్‌కే-సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్లో క్యూ_ఆర్‌డబ్ల్యూ_ఎంట్రీ అని ఒక మాక్రో (కంపైల్‌కి ముందు కోడ్‌గా విప్పుకునే అచ్చు) చూడండి. దానికి ఎల్వ్_ఐఓషెడ్ అనే ముక్క, షెడ్యూలర్ అనే పేరు ఇస్తారు. మాక్రో లోపల రెండు హ్యాష్ గుర్తులు పెట్టి ఆ ముక్క వెనకాల _షో, _స్టోర్ అతికిస్తారు. పూర్తి పేరు ఆ ఫైల్లో అక్షరాలుగా ఎక్కడా ఉండదు. ఇక గ్రెప్‌కి ఎలా దొరుకుతుంది?

బఫర్_హెడ్ హెడర్ ఇంకా ముదురు. బఫర్_ఎఫ్‌ఎన్‌ఎస్ మాక్రోకి డర్టీ అని ఇస్తే సెట్_బఫర్_డర్టీ, క్లియర్_బఫర్_డర్టీ, బఫర్_డర్టీ అన్నీ అక్కడే పుట్టుకొస్తాయి. ఇక్కడ వ్యవహారం తలకిందులు. పిలిచేవాళ్లు దొరుకుతారు, రాసిన చోటు దొరకదు. కొత్తవాళ్లు సగం రోజు దాని కోసమే వెతుకుతారు.

మీ స్క్రిప్ట్‌కి రెండు మార్పులు చెప్తా. పేరు మొత్తంగా దొరక్కపోతే _షో, _స్టోర్ లాంటి తోకలు, బీఎల్‌కే_ లాంటి తలలు కోసేసి మధ్య ముక్కతో మళ్లీ వెతకండి. రెండోది, సోర్స్ మీద కాకుండా కంపైలైన ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద ఎన్‌ఎం (వాటిలోని పేర్లు చూపే టూల్) కొట్టండి. అప్పటికి మాక్రోలన్నీ విప్పుకుని ఉంటాయి కాబట్టి ఎవరు ఎవర్ని అడుగుతున్నారో దాపరికం ఉండదు.


జీరోకాపీ · ఆదివారం రాత్రి 10:05

ఇంత శ్రమ ఎందుకు బాసూ. డిలీట్ కొట్టు, మేక్ కొట్టు. కంపైలైన ముక్కల్ని కలిపే లింకర్ అరిస్తే వాడుతున్నట్టు, అరవకపోతే లేనట్టు. మిగతాదంతా వేదాంతం.


నీలిమ_ఎఫ్‌ఎస్ · ఆదివారం రాత్రి 10:31

జీరోకాపీ, నీ ల్యాప్‌టాప్ కాన్ఫిగ్‌తో (కెర్నల్‌లో ఏవి ఉండాలో ఎంచుకునే ఆప్షన్ల జాబితాతో) అరవదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ వాళ్ల ఎస్390 కాన్ఫిగ్‌తో అరుస్తుంది. వాళ్ల డాస్‌డీ డిస్క్ డ్రైవర్ నీ కంప్యూటర్‌లో కంపైలే కాదు, కానీ బ్లాక్ లేయర్ ఫంక్షన్లు వాడుకుంటుంది. వీలైనవన్నీ మాడ్యూళ్లుగా ఆన్ చేసే ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ పెట్టి బిల్డ్ చేసినా చాలదు. కొంత కోడ్ ఏదైనా ఆప్షన్ ఆఫ్‌లో ఉన్నప్పుడే కంపైలవుతుంది. జోన్డ్ డిస్కుల (జోన్లుగా విభజించి వరసగా రాయాల్సిన డిస్కుల) సపోర్టు తీసేస్తే ఒక రకం, డేటా ఇంటిగ్రిటీ తీసేస్తే ఇంకో రకం. అందుకే ఆల్‌మాడ్, అన్నీ ఆఫ్ చేసే ఆల్‌నో, ఆప్షన్లని యాదృచ్ఛికంగా ఎంచే ర్యాండ్‌కాన్ఫిగ్‌లు నాలుగైదు, కనీసం ఆర్మ్, పవర్‌పీసీ, ఎస్390 క్రాస్ కంపైలర్లతో (వేరే ప్రాసెసర్ల కోసం కంపైల్ చేసేవాటితో) ఒక్కో రౌండ్ వేయాలి. మెయిలింగ్ లిస్టుకి పంపాక ఇంటెల్ వాళ్ల జీరో-డే రోబో కూడా రకరకాల కాన్ఫిగ్‌లతో బిల్డ్ చేసి, పగిలితే మెయిల్ పెడుతుంది. రోబో ఉంది కదా అని చూసుకోకుండా పంపితే మాత్రం మెయింటెయినర్ (ఆ కోడ్ బాధ్యత చూసేవాడు) ముఖం చిట్లిస్తాడు.

ఇదంతా చేసినా తేలేది ఒక్కటే, కెర్నల్ లోపల పిలిచేవాళ్లు లేరని. బయటివాళ్ల సంగతి వేరు.


శ్రావ్య_కాకినాడ · సోమవారం ఉదయం 7:50

దాదా గారూ, నీలిమ గారూ, చాలా థాంక్స్. తోకలు కోశాక జాబితా బాగా చిక్కింది. మిగిలినవాటిలో ఎక్స్‌పోర్ట్_సింబల్ ఉన్నవి, అంటే విడిగా లోడయ్యే మాడ్యూళ్లు కూడా పిలవడానికి తెరిచి ఉంచినవి, కొన్ని ఉన్నాయి. సోర్స్‌లో వాడేవాళ్లు లేరు. కానీ ఎక్స్‌పోర్ట్ చేశారంటే బయట ఎవరి మాడ్యూలో వాడుతూ ఉండొచ్చు కదా? వాళ్లని ఎలా కనుక్కోవాలి?


సియాటిల్_వెంకట్ · సోమవారం ఉదయం 8:22

కనుక్కోనక్కర్లేదండీ. కెర్నల్ సోర్స్‌లో లేని మాడ్యూల్‌ని లెక్కలోకి తీసుకోరు. యూజర్‌స్పేస్ ప్రోగ్రాములు ఆగిపోకుండా చూస్తామన్న మాట తప్పరు, లోపలి ఇంటర్‌ఫేస్‌కి మాత్రం ఏ హామీ లేదు. కెర్నల్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ దీని మీద రాసిన పత్రం డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లోనే ఉంది, దాని ఫైల్ పేరులోనే "నాన్సెన్స్" అని ఉంటుంది. చదవండి, సరదాగా కూడా ఉంటుంది.

ఇది మాటలకే పరిమితం కాదు. 5.0 కెర్నల్‌లో ఎక్స్86 ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ని వాడుకోవడానికి ఉన్న ఒక ఎక్స్‌పోర్ట్ తీసేశారు. సోర్స్ లోపల దాన్ని వాడే మాడ్యూల్ లేదు. మిగిలిన ఫంక్షన్ జీపీఎల్ (కెర్నల్ లైసెన్స్) మాడ్యూళ్లకే. కెర్నల్ బయట ఉండే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ లైసెన్స్ సీడీడీఎల్ అనే వేరేది, కాబట్టి అది దాన్ని తాకలేదు. చెక్‌సమ్‌లనీ (డేటా పాడైందేమో పట్టే లెక్కల్నీ) రెయిడ్-జెడ్ (డిస్కు పోయినా డేటా నిలిపే పద్ధతి) లెక్కల్నీ వేగంగా చేసే వెక్టర్ కోడ్ ఒక్కసారిగా పడుకుంది. తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్ వాళ్లు రిజిస్టర్లు దాచుకుని తిరిగి పెట్టే పని సొంతంగా రాసుకున్నారు.


జీరోకాపీ · సోమవారం ఉదయం 9:10

"మా సోర్స్‌లో లేదు కాబట్టి నువ్వు లేవు" అంటే ఎలా వెంకటన్నా? లైసెన్స్ కారణంగా జెడ్‌ఎఫ్‌ఎస్ లోపలికి రాలేదు. రాలేనివాణ్ణి రాలేదని శిక్షించడం ఏం న్యాయం?


సియాటిల్_వెంకట్ · సోమవారం ఉదయం 9:26

న్యాయం గురించి నేను మాట్లాడలేదు. ఎవరో బయట వాడుతున్నారేమో అన్న భయంతో ప్రతి ఎక్స్‌పోర్టూ ఉంచేస్తే బ్లాక్ లేయర్‌లో ఒక్క స్ట్రక్చర్ కూడా మార్చలేం. బయటివాళ్ల కోడ్ కనబడదు, అడగడానికి అడ్రసు ఉండదు. అందుకే గీత ఎక్కడో ఒక చోట గీశారు. నాకూ అది ప్రతిసారీ నచ్చదు.


రమణమూర్తి_వైజాగ్ · సోమవారం మధ్యాహ్నం 1:15

యూజర్‌స్పేస్‌కి ఇచ్చిన మాట తప్పరు అన్నారు కదా, అక్కడ నాకో అభ్యంతరం ఉంది. నేను సర్వర్లు చూసుకునేవాణ్ణి, కోడ్ రాసేవాణ్ణి కాదు.

ఒకప్పుడు మా కంటైనర్లన్నీ ఒకే డిస్కు మీద ఉండేవి. డేటాబేస్‌కి ఎక్కువ వాటా, లాగ్‌లు కుదించే పనికి తక్కువ వాటా. సీగ్రూప్‌లో (ప్రోగ్రాముల గుంపులకి వాటాలు పంచే సదుపాయంలో) బీఎల్‌కేఐఓ డాట్ వెయిట్ అనే ఫైల్లో అంకె రాస్తే చాలు, సీఎఫ్‌క్యూ షెడ్యూలర్ చూసుకునేది. 5.0 తర్వాతి కెర్నల్‌కి మారాక సీఎఫ్‌క్యూ లేదు, ఆ ఫైలూ లేదు. బీఎఫ్‌క్యూ అనే వేరే షెడ్యూలర్ పెట్టుకుంటే బీఎల్‌కేఐఓ డాట్ బీఎఫ్‌క్యూ డాట్ వెయిట్ అని వేరే పేరుతో వస్తుంది. షెడ్యూలర్‌ని ఎంచుకోవడానికి బూట్ లైనులో ఎలివేటర్= అని రాసుకున్నదానికి "ఇక దీని ప్రభావం ఏమీ లేదు, సిస్‌ఎఫ్‌ఎస్‌లో మార్చుకోండి" అని వార్నింగ్ మాత్రమే వస్తుంది. ఒక ప్రోగ్రాముకి డిస్కు ప్రయారిటీ ఇచ్చే ఐఓనైస్ అయితే ఇంకా విచిత్రం. కమాండ్ సక్సెస్ అంటుంది, కానీ వెనకాల షెడ్యూలర్ పట్టించుకోకపోతే ఏమీ జరగదు. ఎంక్యూ-డెడ్‌లైన్ అనే షెడ్యూలర్ ఈ ప్రయారిటీలు చూడడం మొదలుపెట్టింది 5.14లో.

దీన్ని "వాడని కోడ్" అనే ఖాతాలో వేసినవాళ్లు మా సర్వర్ గదికి ఒకసారి వచ్చి ఉంటే బాగుండేది.


డిస్క్‌దాదా · సోమవారం రాత్రి 9:05

రమణమూర్తి గారి మాట కొట్టిపారేయలేం. కానీ సీఎఫ్‌క్యూని ఎవరూ వాడట్లేదని తీసేయలేదు. అది నిలబడ్డ నేల తీసేశారు. ఆ వరస కాస్త వివరంగా రాస్తా. శ్రావ్య గారికి కూడా పనికొస్తుంది, పెద్ద తొలగింపులు దాదాపు ఇదే దారిలో జరుగుతాయి.

పాత బ్లాక్ లేయర్‌లో ఒక డిస్కుకి ఒకటే క్యూ, ఆ క్యూకి ఒకటే తాళం (ఒకసారికి ఒక్కరినే లోపలికి వదిలే లాక్). తిరిగే డిస్కు సెకనుకి వందో రెండొందలో రిక్వెస్టులు చేసే రోజుల్లో ఆ తాళం ఎవరికీ అడ్డం కాలేదు. ఎస్‌ఎస్‌డీలు సెకనుకి లక్షల రిక్వెస్టుల్లోకి వచ్చాక, కోర్లన్నీ ఆ ఒక్క తాళం దగ్గరే క్యూ కట్టాయి. అందుకని ప్రతి కోర్‌కీ విడి క్యూలుండే బీఎల్‌కే-ఎంక్యూ రాశారు. అది 3.13లో, అంటే 2014 జనవరిలో వచ్చింది. స్కజీ (చాలా డిస్కులు వాడే డ్రైవర్ల పొర)కి 3.17లో వచ్చింది, ఇష్టమైతే పెట్టుకునే ఆప్షన్‌గా.

అప్పటినుంచి రెండు దారులు పక్కపక్కనే. కొత్తదానికి మొదట్లో షెడ్యూలర్లే లేవు. తిరిగే డిస్కులున్నవాళ్లు మారమంటే ఎలా మారతారు? 4.11లో ఎంక్యూ-డెడ్‌లైన్, 4.12లో బీఎఫ్‌క్యూ, కైబర్ వచ్చాయి. స్కజీలో కొత్త దారిని డిఫాల్ట్ చేద్దామని 4.13లో ప్రయత్నించి, సమస్యలొచ్చి విడుదలకి ముందే వెనక్కి తీసుకున్నారు. 4.19లో నిలబడింది. 4.20 సమయంలో మూలమూలన మిగిలిన డ్రైవర్లన్నిటినీ ఒక్కొక్కటిగా కొత్త దారికి మార్చారు, అమిగా ఫ్లాపీ, అటారీ ఫ్లాపీతో సహా. అవన్నీ అయ్యాకే 5.0లో, 2019 మార్చిలో, పాత దారినీ దాని మీద బతికే సీఎఫ్‌క్యూ, పాత డెడ్‌లైన్, నూప్‌లనీ కలిపి తీసేశారు. కోత ఒక్క విడుదలలో కనబడింది, వెనకాల పని అయిదేళ్లు నడిచింది.

కొసరు ఒకటి. అటారీ ఫ్లాపీ డ్రైవర్‌ని 2018లో మార్చినప్పుడు అది పాడైంది. సరిచేసిన ప్యాచ్ వచ్చింది 2021లో. మధ్యలో అన్నాళ్లూ అది పనిచేయలేదు. ఇది విన్నాక "అయితే దాన్నీ తీసేయాల్సింది" అనేవాళ్లుంటారు, "చూశావా, చివరికి సరిచేయడానికి ఒకడు వచ్చాడు" అనేవాళ్లుంటారు. నేను రెండోవైపు, కానీ వాదించను.


పాత_ఇనుము · సోమవారం రాత్రి 9:48

నేనూ రెండోవైపే దాదా. నా ఇంట్లో పెంటియం త్రీలు ఉన్నాయి, రిబ్బన్ కేబుల్ డిస్కులున్నాయి, మా ఆవిడ దృష్టిలో అవన్నీ వాడని కోడే.

2021లో 5.14 నుంచి పాత ఐడీఈ (రిబ్బన్ కేబుల్ డిస్కుల) డ్రైవర్ల ఫోల్డర్ మొత్తం పోయింది. 40 వేల పైచిలుకు లైన్లు. మా గ్రూపులో కొందరు కంగారుపడ్డారు. నా డిస్కులు ఒక్కటి కూడా ఆగలేదు, ఎందుకంటే అవి ఎప్పుడో లిబ్‌ఏటీఏ అనే కొత్త డ్రైవర్ల కిందకి మారిపోయాయి. హెచ్‌డీఏ అని ఉండే పేరు ఎస్‌డీఏ అయిన రోజే ఆ మార్పు జరిగిపోయింది. చివరిదాకా పాతదాన్ని పట్టుకుని ఉన్నది అటారీ, అమిగా లాంటి 68000 జాతి యంత్రాలు. వాటికి కూడా పాటా_ఫాల్కన్, పాటా_గేల్ లాంటి డ్రైవర్లు రాశారు, తర్వాతే ఫోల్డర్ తీశారు. ప్యారలల్ పోర్టుకి తగిలించే డిస్కుల కథ కూడా ఇంతే. 6.3లో పాటా_పార్‌పోర్ట్ వచ్చి, పాత పారైడ్ డ్రైవర్లని సాగనంపింది.

అన్నీ ఇలా మర్యాదగా జరగవు. సీడీ, డీవీడీల మీద ముక్కముక్కలుగా రాసే పీకేటీసీడీవీడీ డ్రైవర్‌ని వద్దనుకుని చాలా ఏళ్లైంది. 6.2 కోసం తీసేశారు. ఇంకా వాడుతున్నామని మనుషులు బయటికొచ్చారు. 2023 జనవరిలో, 6.2 విడుదలకి ముందే, తీసేసిన ప్యాచ్‌నే తిరగేశారు. డిప్రికేటెడ్ అని కాన్ఫిగ్ మెనూలో రాస్తే ఎవరు చదువుతారండీ? డ్రైవ్ ఆగితే చదువుతారు.


నీలిమ_ఎఫ్‌ఎస్ · సోమవారం రాత్రి 10:20

ఇనుము గారూ, ఫ్లాపీ గురించి మీరు చెప్తారని ఎదురుచూశా!

2019లో దాని మెయింటెయినర్ తన దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవే లేదని తప్పుకుంటే డ్రైవర్‌ని అనాథ అని రాశారు. తర్వాత వేరేవాళ్లు బాధ్యత తీసుకున్నారు. తమాషా ఏమిటంటే అసలు డ్రైవులు పోయినా వర్చువల్ మెషీన్లలో ఉత్తుత్తి ఫ్లాపీలు బోలెడు. 2015లో వెనమ్ అని పేరు పెట్టిన లోపం గుర్తుందా? వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఎమూలో ఫ్లాపీ కంట్రోలర్‌ని అనుకరించే కోడ్‌లో దొరికింది. గెస్ట్ (వర్చువల్ మెషీన్) లోపలినుంచి బయటి అసలు కంప్యూటర్‌లోకి దూకే దారి. ఎవరూ వాడని ఫ్లాపీ, అన్ని మెషీన్లలోనూ ఆన్‌లో ఉంది.

కెర్నల్‌లో ఫ్లాపీ డ్రైవర్‌ని తీసేయలేదు కానీ 5.18లో ఒక మధ్యేమార్గం పట్టారు. కంట్రోలర్‌కి ముడి కమాండ్లు పంపే ఐఆక్టల్‌ని (ప్రోగ్రాములు డ్రైవర్‌ని అడిగే దారిని) డిఫాల్ట్‌గా ఆఫ్ చేసి, కావాలంటే కాన్ఫిగ్‌లో పెట్టుకోమన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ప్రమాదం ఉన్నది ఆ తలుపు దగ్గరే, ఇల్లంతా కూల్చనక్కర్లేదు.


జీరోకాపీ · సోమవారం రాత్రి 10:33

అదే నేనూ అడిగేది. కాన్ఫిగ్‌లో ఆఫ్ చేసుకుంటే పోయేదానికి సోర్స్‌లోంచి పీకడం ఎందుకు? బైనరీలో లేని కోడ్ ఎవర్ని కరుస్తుంది? డిస్క్‌లో కొన్ని మెగాబైట్లు ఎక్కువ, అంతేగా.


నీలిమ_ఎఫ్‌ఎస్ · సోమవారం రాత్రి 11:02

నీ బైనరీలో లేకపోయినా నా పనిలో ఉంటుంది. ఫైల్‌సిస్టమ్‌ల ఇంటర్‌ఫేస్‌లో ఒక ఆర్గ్యుమెంట్ మారిస్తే ప్రతి ఫైల్‌సిస్టమ్‌నీ తెరిచి మార్చాలి. మెమరీని ఒక్కో పేజీగా కాకుండా ఫోలియోలుగా (పేజీల గుంపులుగా) చూసేలా మారే పని 5.16 నుంచి నడుస్తోంది. ఎవరూ పరీక్షించని ఫైల్‌సిస్టమ్‌లో ఆ మార్పు చేస్తే అది కంపైలవుతుంది, పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఒకరోజు ఎవరో అందులో ఉన్న పాత డిస్కుని మౌంట్ చేస్తారు. ఫోటోలు పోతాయి. పనిచేస్తున్నట్టు నటించే కోడ్ కంటే లేని కోడ్ నయం. మౌంట్ కాకపోతే కనీసం పాత కెర్నల్ తెచ్చుకుని డేటా బయటికి తీసుకుంటారు.

రైజర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ కథ అదే. 2.4.1లో, 2001లో, లోపలికి వచ్చింది. కొన్నేళ్లు సూసే లినక్స్ వాళ్ల డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్. 2022లో ఒక ఇంటర్‌ఫేస్‌ని శుభ్రం చేస్తుంటే అడ్డం వచ్చి "దీన్ని ఎవరైనా ఇంకా వాడుతున్నారా" అని లిస్టులో అడిగారు. వాడేవాళ్లు కొందరు, మారడానికి సమయం కావాలన్నారు. 5.18లో మౌంట్ చేస్తే హెచ్చరిక వచ్చేలా పెట్టి, 2025 గడువుగా ప్రకటించారు. 6.13లో పోయింది. ఆ కెర్నల్ విడుదలైంది 2025 జనవరిలో. చెప్పిన మాటకి చెప్పిన ఏడాది.

ఇంకో కారణం సిజ్‌బాట్ అనే పరీక్షల రోబో. అది కావాలని పాడుచేసిన డిస్క్ ఇమేజీలు తయారుచేసి మౌంట్ చేసి కెర్నల్‌ని క్రాష్ చేస్తూ ఉంటుంది. డిస్ట్రోలు (లినక్స్‌ని ప్యాక్ చేసి ఇచ్చేవాళ్లు) చాలా ఫైల్‌సిస్టమ్‌లని మాడ్యూళ్లుగా ఇస్తాయి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చితే డెస్క్‌టాప్ దాన్ని తనంతట తనే మౌంట్ చేస్తుంది, కావాల్సిన మాడ్యూల్ తనంతట తనే లోడవుతుంది. నువ్వు ఆఫ్ చేశావు సరే, మీ నాన్నగారి ల్యాప్‌టాప్‌లో ఎవరు ఆఫ్ చేస్తారు?


రమణమూర్తి_వైజాగ్ · మంగళవారం ఉదయం 10:40

నీలిమ గారూ, మాలాంటివాళ్లం ఇప్పుడు దేనికి జాగ్రత్తపడాలో కూడా చెప్పండి. తర్వాత ఎవరి వంతు?


నీలిమ_ఎఫ్‌ఎస్ · మంగళవారం మధ్యాహ్నం 12:25

మీ సర్వర్లలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఉంటుంది కాబట్టి ముందు అదే చూడండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఇన్ఫో కొడితే సీఆర్‌సీ=0 అని వస్తే అది పాత వీ4 ఫార్మాట్. ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్ కమాండ్ డిఫాల్ట్‌గా వీ5 చేయడం 2015లో మొదలైంది, కాబట్టి అంతకుముందు ఫార్మాట్ చేసిన డిస్కులని అనుమానించాలి. వీ4 సపోర్టు కాన్ఫిగ్‌లో డిఫాల్ట్‌గా ఆఫ్ అయ్యే గడువు 2025 సెప్టెంబర్, పూర్తిగా తీసేసే గడువు 2030 సెప్టెంబర్ అని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. వీ4ని ఉన్నచోటే వీ5గా మార్చే మార్గం లేదు. డేటా కాపీ చేసి, ఫార్మాట్ చేసి, తిరిగి పెట్టుకోవడమే. వీ4లో తేదీలు 2038 దాటలేవు కూడా.

ఎక్స్‌టీ3 అనే పాత ఫైల్‌సిస్టమ్ గురించి భయం వద్దు. దాని డ్రైవర్‌ని 4.3లోనే, 2015లో తీసేశారు, మీకు తెలియనే లేదు. ఎక్స్‌టీ4 డ్రైవరే ఆ డిస్కుల్ని మౌంట్ చేస్తుంది. ఎక్స్‌టీ2 డ్రైవర్‌కి కూడా 6.9లో డిప్రికేటెడ్ ముద్ర వేశారు, దాని డిస్కులూ ఎక్స్‌టీ4తో తెరుచుకుంటాయి.


జీరోకాపీ · మంగళవారం మధ్యాహ్నం 12:50

బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్‌సిస్టమ్‌ని మర్చిపోయారు. 6.7లో వచ్చింది, 6.18లో పోయింది. అదీ వాడని కోడేనా? 😀


సియాటిల్_వెంకట్ · మంగళవారం రాత్రి 8:15

అది ఈ ఖాతాలోకి రాదు. దాన్ని వాడేవాళ్లున్నారు, రాసేవాళ్లు చురుగ్గా రాస్తున్నారు. పేచీ కోడ్ గురించి కాదు, విడుదల పద్ధతి గురించి. ఇప్పుడు బయటి మాడ్యూల్‌గా నడుస్తోంది. దాని గురించి వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ మొదలైతే ఆగదు.

పాతది మాత్రమే చచ్చుబడుతుంది అనుకునేవాళ్లకి లైట్‌ఎన్‌వీఎం మంచి ఉదాహరణ. ఎస్‌ఎస్‌డీ లోపల ఫ్లాష్‌ని ఎక్కడ ఏది రాయాలో డ్రైవ్ ఫర్మ్‌వేర్ కాకుండా కెర్నలే నిర్ణయించాలనే ఆలోచన. 4.4లో వచ్చింది, 2016 జనవరిలో. రాసినవాళ్లు తెలివైనవాళ్లు, ఆలోచనా బాగుంది. కానీ అలాంటి డ్రైవులు మార్కెట్లో నిలబడలేదు. అందులో పనికొచ్చిన సారం ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీల) జోన్డ్ నేమ్‌స్పేస్‌ల ప్రమాణంలోకి వెళ్లింది, దానికి సపోర్టు 5.9లో వచ్చింది. 5.15లో, 2021లో, లైట్‌ఎన్‌వీఎంని తీసేశారు. ఆరేళ్లు కూడా లేదు.


డిస్క్‌దాదా · మంగళవారం రాత్రి 9:30

శ్రావ్య గారు అడిగింది చిన్న ఫంక్షన్ల గురించి, మనం కొండలు తవ్వుతున్నాం. మళ్లీ ఆమె దారికి వస్తా.

చిన్న కోతలకి మంచి పాఠం బైడీ రిక్వెస్టులు. ఒకే రిక్వెస్టులో డేటా అటూ ఇటూ వెళ్లే సదుపాయం అది. ఆబ్జెక్ట్ స్టోరేజ్ డిస్కుల కోసం, వాటి మీద నడిచే ఎక్సోఎఫ్‌ఎస్ కోసం పెట్టారు. ఆ డిస్కులు రాలేదు. 5.1లో ఎక్సోఎఫ్‌ఎస్, స్కజీ ఓఎస్‌డీ పోయాయి. వాటితో బైడీకి పనిలేకుండా పోయి అదీ పోయింది, స్ట్రక్ట్ రిక్వెస్ట్‌లో నెక్స్ట్_ఆర్‌క్యూ అనే పాయింటరూ పోయింది. జీరోకాపీ, ఇది నీకు కూడా. ఆ పాయింటర్‌ని ఏ కాన్ఫిగ్‌తోనూ ఆఫ్ చేసుకోలేవు. నీ ఎన్‌వీఎంఈకి వెళ్లే ప్రతి రిక్వెస్టూ ఎనిమిది బైట్లు మోసుకు తిరిగింది, ఎవరి దగ్గరా లేని డిస్కు కోసం.

రైట్ సేమ్ కూడా ఇలాగే. ఒకే బ్లాకు డేటాని వరసగా చాలా బ్లాకుల్లో రాయమనే ఆపరేషన్. అందరూ వాడింది సున్నాలు రాయడానికే, దానికి రైట్ జీరోస్ అని వేరేది వచ్చేసింది. 5.18లో ముందు డ్రైవర్లలోంచి, డీఆర్‌బీడీ (నెట్‌వర్క్ మీద డిస్కుకి నకలు ఉంచే డ్రైవర్) లాంటి చోట్లలోంచి తీసి, చివరి ప్యాచ్‌లో ఆపరేషన్‌నే తీసేశారు. ఆ సిరీస్‌ని గిట్ లాగ్‌లో చదవండి. ఏ ప్యాచ్ దగ్గర ఆపినా కెర్నల్ బిల్డ్ అవుతుంది, అది ముఖ్యం. లేకపోతే రేపు ఎవరో బైసెక్ట్ (బగ్ తెచ్చిన ప్యాచ్ కోసం సగానికి సగం వెతకడం) చేస్తుంటే మధ్యలో పగిలి మిమ్మల్ని తిట్టుకుంటారు.


శ్రావ్య_కాకినాడ · శుక్రవారం రాత్రి 8:40

జాబితాలో నాలుగు మిగిలాయి. అన్ని కాన్ఫిగ్‌లతోనూ బిల్డ్ చేశాను, ఎస్390తో సహా. అందులో ఒకటి కచ్చితంగా చనిపోయింది. పేరు ఇక్కడ చెప్పను, నాకంటే ముందు జీరోకాపీ గారు పంపేస్తారు.

కమిట్ మెసేజ్ ఇలా అనుకుంటున్నా: "ఈ ఫంక్షన్‌ని ఎవరూ వాడటం లేదు, తీసేస్తున్నాను." సరిపోతుందా? పాత కమిట్‌లోని బగ్‌ని సరిచేస్తున్నానని చెప్పే ఫిక్సెస్ ట్యాగ్ పెట్టాలా?


డిస్క్‌దాదా · శుక్రవారం రాత్రి 9:15

సరిపోదు. ఎప్పటినుంచి వాడట్లేదో చెప్పాలి. గిట్ లాగ్‌కి పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి ఫంక్షన్ పేరు పెట్టండి, ఆ పేరు వచ్చిన, పోయిన కమిట్లన్నీ చూపిస్తుంది. చివరి కాలర్‌ని (పిలిచే కోడ్‌ని) తీసేసిన కమిట్ ఐడీ, దాని టైటిల్ రాయండి. చదివేవాడికి అరనిమిషంలో నమ్మకం కుదురుతుంది. ఒక్కోసారి అక్కడే అసలు విషయం బయటపడుతుంది. చివరి కాలర్‌ని కావాలని తీశారా, లేక ఏదో రీరైట్‌లో పొరపాటున జారిపోయిందా? రెండోదైతే మీరు పంపాల్సింది తీసేసే ప్యాచ్ కాదు, తిరిగి పిలిచే ప్యాచ్.

ఇంకొకటి. అసలు ఎప్పుడూ కాలరే లేని ఫంక్షన్ ఈమధ్యే వచ్చి ఉంటే ఆగండి. దాన్ని వాడే డ్రైవర్ తర్వాతి విడుదలకి వస్తూ ఉండొచ్చు. తర్వాతి విడుదల కోడ్ పోగయ్యే లినక్స్-నెక్స్ట్ ట్రీలో, లిస్టు ఆర్కైవ్‌లో ఒకసారి వెతకండి.

ఫిక్సెస్ వద్దు. ఇది బగ్ కాదు. ఆ ట్యాగ్ చూసి స్టేబుల్ కెర్నళ్లలోకి (విడుదలయ్యాక బగ్ ఫిక్సులే తీసుకునేవాటిలోకి) లాగేస్తారు, అక్కడ దీనికి పని లేదు.


నీలిమ_ఎఫ్‌ఎస్ · శుక్రవారం రాత్రి 9:32

గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్ చెప్పినవాళ్లకి, లినక్స్-బ్లాక్ లిస్టుకి పంపండి. మామూలు టెక్స్ట్ మెయిల్, హెచ్‌టీఎంఎల్ వద్దు. నాలుగూ నాలుగు ప్యాచ్‌లు చేయండి, ఒకదాని మీద అభ్యంతరం వస్తే మిగతా మూడూ ఆగిపోకుండా. కొత్త విడుదలకి మార్పులు కలిపే మెర్జ్ విండో తెరిచి ఉన్న రెండు వారాలూ పంపొద్దు, ఎవరూ చూడరు.

డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ఆ పేరు ఉందేమో చూశారా? హెడర్ డిక్లరేషన్, పైన ఉన్న కామెంట్ కూడా అదే ప్యాచ్‌లో పోవాలి.


శ్రావ్య_కాకినాడ · శుక్రవారం రాత్రి 10:10

డాక్యుమెంటేషన్‌లో ఒక చోట ఉంది, అదీ కలిపేస్తా. చివరి కాలర్ పోయిన కమిట్ కూడా దొరికింది, మెసేజ్‌లోనే "ఇక దీనితో పని లేదు" అన్న అర్థంలో రాసి ఉంది, ఫంక్షన్ మాత్రం వదిలేశారు.

ఇంకొక్క చిన్న డౌటు. ప్యాచ్ బాధ్యత నాదని చెప్పే సైన్డ్-ఆఫ్-బై లైనులో నా పేరు తెలుగు లిపిలో రాయొచ్చా?


సియాటిల్_వెంకట్ · శుక్రవారం రాత్రి 10:24

యూటీఎఫ్-8 కాబట్టి గిట్‌కి ఇబ్బంది లేదు, లాగ్‌లో ఇంగ్లిష్ కాని అక్షరాలున్న పేర్లు బోలెడు. మీరు ఎవరో తెలిసే పేరై ఉండాలి, అంతే. కానీ మెయిల్ ఫ్రమ్ లైనులో ఉన్న పేరూ ఇదీ ఒకటే ఉండాలి, తేడా ఉంటే ప్యాచ్‌లని సరిచూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ వార్నింగ్ ఇస్తుంది. రివ్యూ చేసేవాళ్లు మిమ్మల్ని పేరు పెట్టి పిలవాలి కదా, అందుకని నేనైతే ఇంగ్లిష్‌లోనే రాస్తాను. మీ ఇష్టం.


జీరోకాపీ · శుక్రవారం రాత్రి 10:31

తెలుగులోనే రాయండి శ్రావ్య గారూ. ఫాంట్ లేనివాళ్లకి డబ్బాలు కనబడతాయి, పోనీయండి. మిగిలిన మూడు ఫంక్షన్ల పేర్లు నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, ఆర్మ్ బోర్డు మీద నేను బిల్డ్ చేసి టెస్టెడ్-బై (పరీక్షించానని చెప్పే లైను) ఇస్తా.